హెక్స్ ఫైలు నుంచి అసెంబ్లీ: డిస్‌అసెంబ్లర్ ఎంత ఇస్తుంది, మనం ఎంత వెతుక్కోవాలి

ప్రశ్న: బోరు మోటార్ల ఆటో స్టార్టర్ బోర్డులు తయారు చేస్తాం. చిప్ ఏటీ89ఎస్51, క్రిస్టల్ 12 మెగాహెర్ట్జ్. ప్రోగ్రామ్ రాసిన కుర్రాడు మానేశాడు. సోర్సు మా దగ్గర లేదు, చిప్‌లోంచి ప్రోగ్రామర్‌తో చదివి దాచుకున్న హెక్స్ ఫైలు ఒక్కటే ఉంది. కరెంటు వచ్చిన రెండు నిమిషాలకు మోటారు ఆన్ అవుతుంది, దాన్ని ఐదు నిమిషాలు చేయాలి. హెక్స్‌ని డిస్‌అసెంబ్లర్‌లో వేస్తే వేల లైన్ల అసెంబ్లీ వచ్చింది, సగానికి పైగా అర్థం పర్థం లేదు. దాన్నే మళ్లీ అసెంబుల్ చేసి చిప్‌లో వేస్తే బోర్డు కదలట్లేదు. ఏ సాఫ్ట్‌వేర్ వాడితే అసలు ప్రోగ్రామ్ వస్తుంది?

సమాధానం:

అసలు ప్రోగ్రామ్ ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ రాదు. వేరియబుల్ పేర్లు, ఫంక్షన్ పేర్లు, కామెంట్లు కంపైల్ అయిన రోజే పోయాయి. హెక్స్‌లోంచి సోర్సు అడగడమంటే ఉడికిన పప్పు చూపించి ఇది ఏ కొట్లో కొన్నారో చెప్పమనడమే. అయితే మీకు కావలసింది సోర్సు కాదు. రెండు నిమిషాలు అన్న అంకె చిప్‌లో ఎక్కడుందో తెలిస్తే చాలు. అది దొరుకుతుంది.

ముందు ఒక మాట. ఆ కుర్రాడికి ఫోన్ చేశారా? పాత లాప్‌టాప్‌లోనో మెయిల్లోనో సోర్సు ఉండొచ్చు. ఒక ఫోన్‌తో పోయేదానికి వారం రోజులు హెక్స్ ముందు కూర్చోవడం దేనికి? అది కుదరకపోతేనే మిగతాది చదవండి.

ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. మొదటి లైను ఇలాంటిది ఉంటుంది:

:0300000002007388

ఇది ఇంటెల్ హెక్స్ పద్ధతి, అంటే చిప్‌లోని బైట్లని పదహారు అంకెల లెక్కలో (0 నుంచి 9, తర్వాత ఏ నుంచి ఎఫ్) రాసిన టెక్స్టు. 03 అంటే ఈ లైనులో మూడు బైట్ల డేటా ఉందని. 0000 అంటే అవి సున్నా చిరునామా నుంచి మొదలవుతాయని. తర్వాతి 00 ఇది డేటా లైను అని చెబుతుంది. అసలు సరుకు 02 00 73. చివరి 88 చెక్‌సమ్, అంటే లైను చెడకుండా ఉందో లేదో చూసుకునే అంకె. 88 తప్ప మిగతావన్నీ హెక్స్‌లో కూడితే 78 వస్తుంది, దానికి 88 కలిపితే 100, అంటే చివరి బైటు సున్నా. ప్రతి లైనూ ఇలా సున్నాకి తేలాలి. ఈ లెక్క గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది. ఫైలు ఆఖరి లైను ఎప్పుడూ :00000001ఎఫ్ఎఫ్, అక్కడితో అయిపోయిందని అర్థం.

మీ ఏటీ89ఎస్51 చిప్ 8051 కుటుంబంలోదే. ఆ మూడు బైట్లలో 02 అంటే 8051 భాషలో ఎల్‌జంప్. 00 73 అది దూకాల్సిన చోటు. కరెంటు రాగానే చిప్ సున్నా దగ్గర మొదలై 0073కి దూకుతుంది. డిస్‌అసెంబ్లర్ చేసే పని మొత్తం ఇదే: పట్టిక చూసి 02 కనబడితే ఎల్‌జంప్ అని రాయడం. అందులో పెద్ద తెలివేమీ లేదు, అందుకే చిక్కులు వస్తాయి.

ఇప్పుడు ఈ ఆరు బైట్లు చూడండి:

75 90 55 12 00 90

75 దగ్గర మొదలుపెట్టి చదివితే మొదటి మూడూ కలిసి "మూవ్ పీ1, #55హెచ్", అంటే పోర్టు 1 మీద 55 పెట్టు (చివర హెచ్ ఉంటే అది హెక్స్ అంకె). తర్వాతి మూడూ "ఎల్‌కాల్ 0090హెచ్", అంటే డిలే సబ్‌రొటీన్‌ని పిలువు. కాలేజీ ల్యాబ్‌లో అందరూ రాసే ఎల్ఈడీ ప్రోగ్రామే. అదే సరుకుని ఒక్క బైటు జరిపి 90 దగ్గర మొదలుపెట్టి చదవండి. 90 కూడా ఒక ఆప్‌కోడే, అంటే ఏం చేయాలో చిప్‌కి చెప్పే బైటే: "మూవ్ డీపీటీఆర్, #5512హెచ్". డీపీటీఆర్ అంటే చిరునామా పట్టుకునే రిజిస్టరు. తర్వాత 00 అంటే నాప్, ఏమీ చేయకుండా ముందుకెళ్లు అని. ఆ తర్వాత మళ్లీ 90, ఇంకో డీపీటీఆర్ లోడు. రెండూ 8051 వ్యాకరణం ప్రకారం తప్పు లేనివే. సాఫ్ట్‌వేర్‌కి ఏది నిజమో తెలియదు, ఎక్కడ మొదలుపెట్టమంటే అక్కడి నుంచి చదువుతుంది.

మామూలుగా ఇలాంటి తప్పు దొర్లితే ఎక్కడో ఒకచోట చెల్లని ఆప్‌కోడ్ తగిలి బయటపడాలి. 8051లో ఆ అదృష్టం లేదు. 256 ఆప్‌కోడ్లలో 255కి అర్థం ఉంది, ఏ5 ఒక్కటే ఖాళీ. అందువల్ల ఎల్‌సీడీ మీద చూపించే అక్షరాలైనా, సెవెన్ సెగ్మెంట్ పట్టికైనా, ఏ చెత్తయినా అసెంబ్లీ వేషంలో ముస్తాబై వస్తుంది. మీకు కనిపించిన అర్థం లేని లైన్లలో ఎక్కువ భాగం ఇదే. ఇంకో భాగం అంతకంటే సులువు. చిప్‌లోంచి చదివిన ఫైలు కాబట్టి 4 కేబీ మొత్తం వచ్చి ఉంటుంది, ఖాళీ ఫ్లాష్ అంతా ఎఫ్ఎఫ్ బైట్లు. 8051లో ఎఫ్ఎఫ్ అంటే "మూవ్ ఆర్7, ఏ". లిస్టింగ్ చివర్లో ఆ లైనే వందల సార్లు వరసగా వచ్చి ఉంటే చూసుకోండి, అది ప్రోగ్రామ్ కాదు, ఖాళీ జాగా. దాన్ని కొట్టేస్తే సగం భారం దిగుతుంది.

డేటాని పట్టుకోవడానికి కొన్ని ఆనవాళ్లున్నాయి. సీ0 ఎఫ్9 ఏ4 బీ0 99 92 82 ఎఫ్8 80 90 అని పది బైట్లు వరసగా కనిపిస్తే అవి కామన్ యానోడ్ సెవెన్ సెగ్మెంట్ డిస్‌ప్లేకి సున్నా నుంచి తొమ్మిది వరకు అంకెలు. 41 నుంచి 5ఏ మధ్య బైట్లు గుంపుగా, మధ్యమధ్య 20తో ఉంటే ఇంగ్లిష్ పెద్ద అక్షరాల సందేశాలు. కోడ్ వైపు నుంచి చూస్తే, 93 అనే ఆప్‌కోడ్ "మూవ్‌సీ ఏ, @ఏ+డీపీటీఆర్". ప్రోగ్రామ్ మెమరీలోంచి పట్టిక చదవడానికే దాన్ని వాడతారు. దానికి కాస్త పైన 90తో డీపీటీఆర్‌లో వేసిన చిరునామా ఏదో, పట్టిక అక్కడుంటుంది.

డిస్‌అసెంబ్లర్లు రెండు రకాలు. మొదటి బైటు నుంచి చివరి బైటు వరకు గుడ్డిగా చదువుకుంటూ పోయేవి ఒక రకం, మీరు వాడింది బహుశా అదే. రెండో రకం చిప్ నడిచే దారినే నడుస్తుంది: సున్నా దగ్గర మొదలై, జంప్ ఎటు పోతే అటు, కాల్ ఎటు పోతే అటు వెళ్లి, చేరుకోగలిగినదాన్నే కోడ్ అంటుంది. అమెరికా ఎన్ఎస్ఏ 2019లో ఉచితంగా బయటపెట్టిన గిడ్రా ఈ రెండో రకం, 8051 అందులో ఉంది. చిన్న పనికి డీ52 అనే పాత కమాండ్ లైన్ ప్రోగ్రామ్ కూడా బాగుంటుంది. ఏ చిరునామా నుంచి ఏ చిరునామా వరకు డేటా అన్నది పక్కన కంట్రోల్ ఫైలులో రాసి ఇస్తే ఆ ప్రకారం లిస్టింగ్ ఇస్తుంది. 4 కేబీ చిప్‌కి నా ఓటు డీ52కే. గిడ్రా నేర్చుకునే లోపు పని అయిపోతుంది.

దారి వెంట నడిచే రకానికీ కళ్లు కనపడని చోట్లున్నాయి. ఇంటరప్ట్ రొటీన్‌ని, అంటే చేస్తున్న పని ఆపి మధ్యలో నడిచే ముక్కని, ఏ జంపూ పిలవదు, టైమర్ లాంటి హార్డ్‌వేర్ పిలుస్తుంది. కాబట్టి 0003, 000బీ, 0013, 001బీ, 0023 చిరునామాల్లో ఏముందో మనమే చూసి వాడినవాటిని కోడ్ అని చెప్పాలి. ఆప్‌కోడ్ 73, అంటే "జంప్ @ఏ+డీపీటీఆర్", ఎటు దూకుతుందో నడిచేటప్పుడే తేలుతుంది. ఇంకా పెద్ద చిక్కు కైల్ సీ కంపైలర్ స్విచ్ స్టేట్‌మెంట్‌ని మలిచే తీరులో ఉంది. కేసులు చాలా ఉంటే ఒక లైబ్రరీ రొటీన్‌ని ఎల్‌కాల్‌తో పిలుస్తుంది, ఆ ఎల్‌కాల్ వెనకే కేసుల పట్టిక పెడుతుంది. లైబ్రరీ రొటీన్ స్టాక్‌లోంచి (తిరిగి వెళ్లాల్సిన చిరునామాలు దాచే ర్యామ్ చోటు) రిటర్న్ చిరునామా తీసి దాన్నే పట్టిక చిరునామాగా వాడుకుంటుంది, తిరిగి అక్కడికి రాదు. డిస్‌అసెంబ్లర్‌కి ఆ సంగతి తెలియక, కాల్ తర్వాత ఉన్నది కోడే అనుకుని పట్టికని చదివేస్తుంది. ఒక రొటీన్ డీ0 83 డీ0 82తో మొదలైతే, అంటే వచ్చీ రాగానే స్టాక్‌లోంచి డీపీహెచ్, డీపీఎల్ (డీపీటీఆర్ రెండు సగాలు) పాప్ చేస్తే, ఇదే బాపతు. దాన్ని పిలిచిన ప్రతి చోటా ఎల్‌కాల్ తర్వాతివి డేటా అని గుర్తు పెట్టండి.

మీ కుర్రాడు కైల్ సీ వాడాడో లేదో తెలుసుకోవడానికి మొదటి ఎల్‌జంప్ చేరిన చోట చూడండి. 78 7ఎఫ్ ఈ4 ఎఫ్6 డీ8 ఎఫ్డీ 75 81 అని ఉంటే సందేహం లేదు, అది కైల్ స్టార్టప్ కోడ్. 7ఎఫ్ నుంచి కిందికి ర్యామ్ మొత్తం సున్నా చేసి, స్టాక్ పాయింటర్ పెట్టి, ఆ వెంటనే 02తో మెయిన్ వైపు దూకుతుంది.

ఇక బోర్డు ఎందుకు కదలలేదు? డిస్‌అసెంబుల్ చేసిన టెక్స్టుని ఏ మార్పూ చేయకుండా మళ్లీ అసెంబుల్ చేసి, వచ్చిన హెక్స్‌ని పాతదానితో బైటు బైటు పోల్చండి. రెండూ ఒకటి కాకపోతే ఆ టెక్స్టు మీద చేసే ఏ మార్పూ నమ్మడానికి లేదు. తేడాలు ఎక్కువగా జంపుల దగ్గర వస్తాయి. రెండు బైట్ల జంప్ బదులు అసెంబ్లర్ మూడు బైట్లది పెడితే వెనకవన్నీ ఒక బైటు జరుగుతాయి. లేబుల్ లేకుండా అంకెలుగా రాసి ఉన్న చిరునామాలన్నీ అప్పుడు తప్పు చోటుకి పోతాయి. ఇంకో పాత ఉచ్చు ఆప్‌కోడ్ 85. ఇది ఒక ర్యామ్ బైటుని ఇంకో ర్యామ్ బైటులోకి కాపీ చేస్తుంది. అసెంబ్లీలో గమ్యం ముందు రాస్తాం, చిప్‌లో మాత్రం మూలం ముందు ఉంటుంది. 85 30 90 అంటే "మూవ్ పీ1, 30హెచ్". దీన్ని తిరగేసి రాసే డిస్‌అసెంబ్లర్ చేతిలో పడితే ప్రోగ్రామ్ తలకిందులవుతుంది.

మీ పనికి అసలు తిరిగి అసెంబుల్ చేయనక్కర్లేదు. లిస్టింగ్ చదవడానికి మాత్రమే వాడండి, మార్పు నేరుగా హెక్స్‌లో చేయండి. చదవడం కూడా మొదటి లైను నుంచి కాదు, బోర్డు నుంచి మొదలుపెట్టాలి. మల్టీమీటర్ కంటిన్యుటీలో పెట్టి మోటారు రిలే ఏ పిన్ నుంచి వస్తోందో పట్టుకోండి. పీ1.0 అనుకుందాం. దాని బిట్ చిరునామా 90. ఆ పిన్‌ని 1 చేయడానికి డీ2 90, 0 చేయడానికి సీ2 90. ఇందులో ఏది మోటారు ఆన్? రీసెట్ అయిన క్షణంలో 8051 పోర్టులన్నీ 1కి వెళ్తాయి. 1 ఇస్తే రిలే పడేలా కడితే కరెంటు రాగానే మోటారు ఒక్క కుదుపు ఇస్తుంది. అది తెలిసినవాళ్లు 0 ఇస్తే రిలే పడేలా కడతారు. మీది అలాంటిదైతే వెతకాల్సింది సీ2 90. లిస్టింగ్‌లో అది రెండు మూడు చోట్లకి మించి ఉండదు.

మీ ఫైలు నా ముందు లేదు కాబట్టి చిరునామాలు వేరుగా ఉండొచ్చు గానీ, ఇలాంటి బోర్డుల్లో ఆ చోటు సాధారణంగా ఇలా ఉంటుంది:

ఈ5 30 సీ3 94 78 40 02 సీ2 90

30హెచ్ చిరునామాలోని విలువని అక్యుములేటర్‌లోకి (లెక్కలు చేసే రిజిస్టరు) తెచ్చి, క్యారీ అనే గుర్తు బిట్‌ని చెరిపి, 78హెచ్ తీసివేస్తోంది. 78హెచ్ అంటే 120. ఫలితం సున్నా కంటే తక్కువైతే క్యారీ వస్తుంది, 40 02 రెండు బైట్లు దాటించేస్తుంది. దాటించేది మోటారు ఆన్ చేసే సీ2 90ని. అంటే 30హెచ్‌లో సెకన్లు లెక్కపెడుతూ 120 అయితే మోటారు వేస్తోంది. సీ3 బదులు డీ3 ఉంటే 120 దాటితే అని అర్థం, ఒక్క సెకను తేడా. హెక్స్ ఎడిటర్‌లో 78 అని వెతికితే ఎందుకు లాభం లేదో ఇక్కడే తెలుస్తుంది. 78 తనంతట తానే ఒక ఆప్‌కోడ్, చిరునామాల్లోనూ పట్టికల్లోనూ కూడా వస్తుంది. రిలే నుంచి వెనక్కి నడిస్తేనే మనకి కావలసిన 78 దొరుకుతుంది.

ఆ సెకన్లు ఎక్కడ పుడుతున్నాయో చూడాలంటే 000బీ దగ్గరికి వెళ్లండి, అది టైమర్ 0 ఇంటరప్ట్. అక్కడి నుంచి దూకిన చోట 75 8సీ 3సీ, 75 8ఏ బీ0 ఉంటే టైమర్‌లో 3సీబీ0, అంటే 15536 వేస్తున్నారు. 65536 లోంచి అది తీసేస్తే 50000. 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌కి ఒక్కో మెషీన్ సైకిల్ ఒక మైక్రోసెకను, కాబట్టి ప్రతి 50 మిల్లీసెకన్లకు ఒక ఇంటరప్ట్. ఆ కింద 75 31 14 కనిపించాలి. 14హెచ్ అంటే 20. ఇరవై ఇంటరప్టులకు ఒక సెకను, అప్పుడు 05 30, అంటే 30హెచ్‌ని ఒకటి పెంచు. రొటీన్ 32తో ముగుస్తుంది, అది రెటి, అంటే ఇంటరప్ట్ నుంచి వెనక్కి వెళ్లు. ఈ గొలుసు మీ ఫైలులో పూర్తిగా దొరికితే చిప్ మీకు అర్థమైనట్టే.

ఇప్పుడు అసలు ఇబ్బంది. రెండు నిమిషాలు నాలుగు చేయమంటే 78ని ఎఫ్0 చేసి వదిలేసేవాళ్లం. మీకు ఐదు నిమిషాలు కావాలి, అంటే 300. ఒక బైటులో 255 దాటి పట్టదు. 30హెచ్ కౌంటరు కూడా ఒక్క బైటే, 255 తర్వాత మళ్లీ సున్నా అయిపోతుంది. మార్గం ఏమిటంటే 78ని ముట్టుకోకుండా 14ని 32 చేయడం. 32హెచ్ అంటే 50. యాభై ఇంటరప్టులకు ఒక లెక్క, అంటే రెండున్నర సెకన్లు. 120 లెక్కలకు సరిగ్గా 300 సెకన్లు. మెయిన్ మొదట్లో ఒకసారి, ఇంటరప్ట్‌లో ఒకసారి, 75 31 14 రెండు చోట్ల ఉంటుంది, రెండూ మార్చండి.

మార్చేముందు 30హెచ్‌ని, 31హెచ్‌ని ఇంకెవరు చదువుతున్నారో లిస్టింగ్ అంతా వెతకాలి. డ్రై రన్ (నీళ్లు లేకుండా మోటారు తిరగడం) టైమూ, మోటారు స్టార్ నుంచి డెల్టాకి మారే టైమూ ఇదే సెకను మీద నడుస్తుంటే అవీ రెండున్నర రెట్లవుతాయి. స్టార్‌లో ఎనిమిది సెకన్లు ఉండాల్సిన మోటారు ఇరవై సెకన్లు ఉంటుంది, అది మంచిది కాదు. అలాంటి చోట్ల పోల్చే అంకెల్ని రెండున్నరతో భాగించి సరిచేయొచ్చు. అలాంటివి రెండు మూడుకి మించి ఉంటే ఆపేసి ప్రోగ్రామ్ కొత్తగా రాయించండి. ఆటో స్టార్టర్ అంటే ఫేజులు చూడటం, ఒక టైమరు, రిలేలు. 8051 వచ్చిన డిప్లొమా కుర్రాడికి పెద్ద పని కాదు. ఏ పిన్ దేనికి, ఏ టైము ఎంత అన్నది ఈ లిస్టింగ్ నుంచి తీసిస్తే సరిపోతుంది. ఖాళీ ఫ్లాష్‌లో కొత్త కోడ్ పెట్టి అక్కడికి ఎల్‌కాల్ చేయించే విద్య కూడా ఉంది గానీ, అమ్మే బోర్డుకి అలాంటి అతుకులు నేను వేయను. రేపు ఇంకో మార్పు కావాలంటే మళ్లీ ఇదే తంతు.

ఐదు నిమిషాలు ఎందుకని అడగను గానీ, ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న బోర్డులన్నీ సరిగ్గా ఒకే సెకనులో మోటార్లు వేస్తే ఏమవుతుందో మీకు తెలుసు. ఆ 78 ఎక్కడుందో ఎలాగూ తెలిసింది కాబట్టి బోర్డుకీ బోర్డుకీ నాలుగైదు అంకెల తేడా పెట్టి పంపితే రైతులకు మేలు.

బైటు మార్చాక చెక్‌సమ్ మార్చకపోతే ప్రోగ్రామర్ సాఫ్ట్‌వేర్ ఆ ఫైలుని తీసుకోదు. 14ని 32 చేస్తే లైను మొత్తం 1ఈహెచ్ పెరిగింది, కాబట్టి చెక్‌సమ్ అంతే తగ్గాలి. 65 ఉంటే 47 అవుతుంది. లేదంటే ప్రోగ్రామర్ బఫర్‌లోనే బైటు మార్చి హెక్స్‌గా సేవ్ చేయండి, చెక్‌సమ్ అదే వేసుకుంటుంది.

వేరే చిప్‌ల సంగతి అడుగుతారు కాబట్టి క్లుప్తంగా. ఆర్డ్యునో ఊనో ఆర్3లో ఉండే ఏటీమెగా328పీకి ఏవీఆర్ టూల్స్‌తో వచ్చే ఆబ్జ్‌డంప్ చాలు. బైట్లు జంటగా తిరగబడి ఉంటాయి, 0సీ 94 అని మొదలైతే అది 940సీ, జంప్. పిక్ చిప్‌లకు జీపీయుటిల్స్‌లోని జీపీడాసమ్ ఉంది. పిక్16 ఫైళ్లలో చిరునామాలు రెట్టింపై కనిపిస్తాయి, 2007హెచ్‌లో ఉండే కాన్ఫిగరేషన్ వర్డు హెక్స్‌లో 400ఈ దగ్గర ఉంటుంది, కంగారు పడొద్దు. ఎస్‌టీఎం32లో మొదటి నాలుగు బైట్లు కోడ్ కాదు, స్టాక్ చిరునామా. తర్వాతి నాలుగు రీసెట్ చిరునామా. ఇది ఆర్మ్ చిప్. దాని ఆదేశాలు థంబ్ మోడ్ (ఆర్మ్‌లో పొట్టి ఆదేశాల పద్ధతి) అని సాఫ్ట్‌వేర్‌కి చెప్పకపోతే అంతా చెత్తే వస్తుంది. గిడ్రా సీ లాంటి కోడ్ కూడా ఇస్తుంది. ఆర్మ్ చిప్‌లకు అది బాగా పనికొస్తుంది, 8051కి మాత్రం చదవగలిగేలా ఉండటం అరుదు.

చట్టం గురించి: కుర్రాడు మీ దగ్గర జీతానికి ఉండగా రాసి ఉంటే, వేరే ఒప్పందం లేనప్పుడు 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఆ ప్రోగ్రామ్ మీదే. బయటివాడిగా రాసి ఇచ్చి ఉంటే ఒప్పందం కాగితం చూసుకోండి. చట్టబద్ధంగా చేతిలో ఉన్న ప్రోగ్రామ్ ఎలా పని చేస్తుందో పరిశీలించి తెలుసుకోవడానికి 52వ సెక్షన్ వీలిస్తుంది. పక్క కంపెనీ బోర్డు చదివి మన పేరుతో అమ్మడానికి కాదు.

పాత చిప్‌ని తుడవకండి, కొత్త చిప్‌లో వేయండి. మొదట కాంటాక్టర్ తీసేసి రిలేకి ఒక బల్బు కట్టి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి ఐదు నిమిషాలూ చూడండి. తర్వాత ఒక ఫేజు తీసి పెట్టి, డ్రై రన్ ఇన్‌పుట్ ఇచ్చి, మిగతా టైములు పాత బోర్డుతో సరిపోతున్నాయో లేదో రాసుకోండి. సరిపోకపోతే 30హెచ్, 31హెచ్ వాడే చోట్లు, రిలే వెనకున్న ఆ తొమ్మిది బైట్లు, ఇంటరప్ట్ రొటీన్ ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.